కోడ్ కాపీ కాకుండా ఫ్రీలాన్సర్ ఏ కాపలా పెట్టుకోవాలి?

కొన్నేళ్ల కిందట ముక్కూ మొహం తెలియని ఒకాయన నాకు చిన్న పని ఇచ్చాడు. వాళ్ల స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రిపోర్టు టోటల్ తప్పు చూపిస్తోంది, సరిచేసి పెట్టాలి. ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపాడు. అందులో ఒక కాలమ్ పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. 'క్వాంటిటీ' స్పెల్లింగ్‌లో ఒక 'టి' ఎగిరిపోయి ఉంది. ఆ తప్పు నాది. ఏడాదిన్నర ముందు వేరే క్లయింట్‌కి రాసిచ్చిన ప్రాజెక్టులో ఒక రాత్రి నిద్రమత్తులో కొట్టాను. గమనించేసరికి ఆ పేరు యాభై చోట్ల పాకిపోయింది. మార్చడానికి బద్ధకించి అలాగే వదిలేశాను. అంటే ఆ పాత క్లయింట్ నా కోడ్‌ని ఇంకొకరికి అమ్ముకున్నాడన్నమాట. అది పాడైతే బాగుచేయమని చుట్టూ తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాత మెయిళ్లన్నీ వెతికాను. అగ్రిమెంట్ లేదు. 'పని అయ్యాక సోర్స్ కూడా ఇవ్వాలి' (అంటే చదివి మార్చుకోగలిగే అసలు కోడ్) అని క్లయింట్ పెట్టిన చాట్ మెసేజ్ ఒకటి, దాని కింద నేను పెట్టిన బొటనవేలి బొమ్మ ఒకటి. అంతే. అమ్ముకోవచ్చని లేదు, అమ్ముకోకూడదనీ లేదు.

ఆ కోపంలో నేను చేసిన మొదటి పని, కోడ్‌ని గజిబిజి చేసే టూల్ ఒకటి కొనడం. అది పూర్తిగా తప్పు మందు. సోర్స్ నేనే చేతికిచ్చిన మనిషి కాపీ చేస్తే, గజిబిజి చేసే టూల్ ఏం ఆపుతుంది? కాపలా ఎంచుకునే ముందు, ఎవరి నుంచి కాపలా అన్నది తేల్చుకోవాలి. ఈ సంగతి తెలియడానికి నాకు ఒక టూల్ డబ్బులు ఖర్చయ్యాయి.

ఎవరి నుంచి?

మన కోడ్ పోయే దారులు ముఖ్యంగా నాలుగు. డెలివరీ తీసుకుని చివరి ఇన్వాయిస్ ఎగ్గొట్టే క్లయింట్ ఒకడు. డబ్బంతా ఇచ్చి, తన కోసం రాయించుకున్నదాన్ని పదిమందికి అమ్ముకునే క్లయింట్ రెండోవాడు. మీరు అమ్మే యాప్‌ని కొని, దాన్ని విప్పి, తాళం తీసి పంచిపెట్టేవాడు మూడోవాడు. పబ్లిక్ రిపోలో, అంటే నెట్‌లో అందరికీ కనిపించే కోడ్ ఖాతాలో, పెట్టినదాన్ని ఎత్తుకెళ్లి తన పేరు రాసుకునేవాడు నాలుగోవాడు.

మొదటి ఇద్దరి చేతిలో సోర్స్ ఎలాగూ ఉంటుంది, లేదా త్వరలో పడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్ల దగ్గర పనికొచ్చేవి అగ్రిమెంటూ డెలివరీ పద్ధతీ మాత్రమే. మూడోవాడి దగ్గర సాంకేతిక తాళాలు కొంతవరకు పనిచేస్తాయి. నాలుగోవాడి విషయంలో లైసెన్స్ ఫైలు, ఆ తర్వాత తొలగింపు నోటీసు. ఫ్రీలాన్సర్లలో ఎక్కువమందికి నష్టం చేసేది మొదటి ఇద్దరే. మనం మాత్రం రాత్రిళ్లు మూడోవాడి గురించి టెన్షన్ పడుతుంటాం.

ఊరికే వచ్చే హక్కు, దాని హద్దులు

కోడ్ రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. ఎక్కడా ఫారం నింపనక్కర్లేదు, పైన కాపీరైట్ గుర్తు పెట్టకపోయినా పోదు. కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఇదే నియమం. 1995 నుంచి అమల్లో ఉన్న ట్రిప్స్ ఒప్పందం (ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో హక్కుల ఒప్పందం) 10వ అధికరణం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, సోర్స్ రూపంలో ఉన్నా మెషీన్ కోడ్ రూపంలో ఉన్నా, సాహిత్య రచనతో సమానంగా కాపాడాలని స్పష్టంగా చెప్పింది. కవికి కవిత మీద ఎలాంటి హక్కో, మీకు మీ లాగిన్ పేజీ మీద అలాంటి హక్కే.

అయితే ఆ హక్కు మీరు రాసిన తీరు మీదే కానీ ఆలోచన మీద కాదు. మీ యాప్ చూసి, కోడ్ ముట్టుకోకుండా, అదే పని చేసే ఇంకో యాప్‌ని ఎవరైనా సొంతంగా రాసుకుంటే కాపీరైట్ అడ్డుపడదు. 'నా ఐడియా కొట్టేశారు' అని లాయర్ దగ్గరికి వెళ్లినవాళ్లు దిగాలుగా తిరిగొచ్చేది అందుకే. ఇంకో కొత్త తలనొప్పి కూడా ఉంది. మనిషి చెయ్యి లేకుండా పూర్తిగా ఏఐ రాసిన భాగానికి కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీసు వైఖరి. కాబట్టి ప్రాజెక్టులో ఏ భాగం ఏఐ టూల్‌తో రాయించారో, దాని మీద మీరు ఏం పనిచేశారో కమిట్ మెసేజ్‌లలో (కోడ్ మార్చి దాచిన ప్రతిసారీ రాసే నోట్‌లో) రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించాలా? ప్రతి చిన్న ప్రాజెక్టుకీ అక్కర్లేదు. ఒకే కోడ్‌ని ప్రోడక్టుగా ఏళ్ల తరబడి అమ్మబోతుంటే మాత్రం చేయించండి, కోర్టులో అది పెద్ద సాక్ష్యం. అమెరికాలో అయితే ఇంకో లాభం ఉంది. కాపీ జరగకముందే రిజిస్టర్ అయి ఉంటే, అసలు నష్టం ఇంత అని నిరూపించకపోయినా చట్టం చెప్పిన పరిహారమూ లాయర్ ఫీజులూ అడగొచ్చు. కోడ్ మొత్తం ఆఫీసు చేతికి ఇవ్వాలేమోనన్న భయం వద్దు. అక్కడ మామూలుగా మొదటి 25 పేజీలు, చివరి 25 పేజీలు ఇస్తే చాలు. వాటిలోనూ రహస్యమైన వరుసల మీద నల్లగీత గీసి ఇవ్వనిస్తారు.

అగ్రిమెంట్: అన్నిటికంటే చవకైన తాళం

'నేను ఉద్యోగిని కాదు కాబట్టి కోడ్ నాదే' అని ధీమాగా ఉండే ఫ్రీలాన్సర్లు చాలామంది. అందులో సగం నిజం ఉంది. 1989లో అమెరికా సుప్రీం కోర్టు ముందుకు ఒక శిల్పి కేసు వచ్చింది. ఒక సంస్థ చెప్పినట్టు చెక్కి ఇచ్చినంత మాత్రాన ఆ శిల్పి దాని ఉద్యోగి అయిపోడని, కాబట్టి ఆ శిల్పం ఆ సంస్థ సొంత రచన కింద లెక్కకు రాదని కోర్టు తేల్చింది. ప్రోగ్రామర్లకూ ఇదే వర్తిస్తుందని మనవాళ్లు సంబరపడతారు.

రెండో సగం 2008లో బయటపడింది. అసెట్ మార్కెటింగ్ సిస్టమ్స్ అనే కంపెనీకి ఒక ప్రోగ్రామర్ నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ రాసిచ్చాడు. విడిపోయాక, కోడ్ నాది, వాడటం ఆపండన్నాడు. కాపీరైట్ ఎవరిదైనా, ఆ కంపెనీకి ఆ కోడ్‌ని ఉంచుకునే, వాడుకునే, మార్చుకునే అనుమతి ఉందని అమెరికా అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఎవరూ కాగితం మీద రాయకపోయినా, వాళ్లు అడిగితే రాశాడు, డబ్బు తీసుకున్నాడు, చేతులారా ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు హద్దులేమీ చెప్పలేదు. ఆ ప్రవర్తనే అనుమతి అయింది. నా బొటనవేలి బొమ్మ గుర్తొచ్చి ఆ తీర్పు చదువుతుంటే గుండె కలుక్కుమంది.

అంటే మీరు ఏమీ రాసుకోకపోతే ఖాళీ ఖాళీగా ఉండిపోదు. దాన్ని కోర్టు నింపుతుంది, చాలాసార్లు క్లయింట్ వైపు మొగ్గుతూ నింపుతుంది. నేనిప్పుడు ప్రతి పనికీ పెట్టుకునే పేరా ఇది. రెండు పేజీల కాగితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన నాలుగు వాక్యాలు:

"చివరి ఇన్వాయిస్ పూర్తిగా అందేవరకు కోడ్ మీద అన్ని హక్కులూ డెవలపర్‌వే, అప్పటివరకు పరీక్షించి చూసుకోవడానికి మాత్రమే క్లయింట్‌కి అనుమతి. మొత్తం అందిన రోజున, ఈ ప్రాజెక్టు కోసం ప్రత్యేకంగా రాసిన భాగం మీద హక్కు క్లయింట్‌కి బదిలీ అవుతుంది. డెవలపర్ ఇంతకుముందే రాసుకున్న భాగాలను ఈ ప్రాజెక్టులో వాడుకునే అనుమతి మాత్రమే క్లయింట్‌కి ఉంటుంది. వాటిని విడిగా అమ్మకూడదు, మరొకరికి ఇవ్వకూడదు."

మొదటి వాక్యం డబ్బు ఎగ్గొట్టేవాడి కోసం. డబ్బు రాకుండా వాడితే అది బాకీ గొడవతో ఆగదు, కాపీరైట్ ఉల్లంఘన కూడా అవుతుంది. ఈ తేడా మెయిల్‌లో ఒక్కసారి గుర్తుచేస్తే చాలు, ఆగిపోయిన పేమెంట్లు కదలడం నేను రెండుసార్లు చూశాను. చివరి రెండు వాక్యాలు మన కోసం. ప్రతి ఫ్రీలాన్సర్ దగ్గరా ఏళ్లుగా పోగుచేసుకున్న సొంత సామాను ఉంటుంది: లాగిన్ మాడ్యూల్, పీడీఎఫ్ తయారీ, రిపోర్టుల ఇంజిన్. హక్కులన్నీ బదిలీ అని మామూలు ఫారం మీద సంతకం పెడితే, ఆ సామాను కూడా క్లయింట్‌ది అయిపోతుంది. తర్వాతి ప్రాజెక్టులో మీ సొంత లాగిన్ మాడ్యూల్ వాడుకుంటే మీరే దొంగ. అలాంటి ఫైళ్ల పేర్లు అగ్రిమెంట్ వెనక పేజీలో జాబితాగా రాసిపెట్టండి. 'ముందే రాసుకున్న భాగాలు' అని ఊరికే అంటే రేపు ఏ భాగమో తేలదు.

ఒకరి రహస్యాలు ఇంకొకరు బయటపెట్టకూడదన్న ఒప్పందం, అంటే ఎన్‌డీఏ సంగతి. ఎక్కువగా క్లయింట్లే మన చేత సంతకం పెట్టించుకుంటారు. అది రెండు వైపులా ఉండాలని అడగండి. వ్యాపార రహస్యంగా కాపాడుకోవాలంటే రహస్యంగా ఉంచడానికి మీరు తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలన్నది ట్రిప్స్ 39వ అధికరణం. పబ్లిక్ రిపోలో పడేసి 'ఇది రహస్యం' అంటే ఎవరూ వినరు.

కోడ్ ఎప్పుడు, ఎలా చేతికివ్వాలి

అగ్రిమెంట్ బలం డెలివరీ రోజున తెలుస్తుంది. ఇక్కడ నాలుగు పద్ధతులున్నాయి.

అన్నీ అయ్యాక జిప్ పంపి డబ్బు కోసం ఎదురుచూడటం ఒకటి. ఏళ్ల పరిచయమున్న క్లయింట్‌కి తప్ప దీని జోలికి పోకండి. మొదటి రోజు నుంచే క్లయింట్ రిపోలో పనిచేయడం రెండోది. పెద్ద కంపెనీలు ఇలాగే అడుగుతాయి, తప్పదు. అప్పుడు వాయిదాలు చిన్నవి పెట్టుకోండి, ఒక వాయిదా ఆగితే రెండు వారాల పని మాత్రమే పోయేలా. మూడోది నేను ఎక్కువగా వాడేది: ప్రాజెక్టు నా సర్వర్ మీద డెమోగా నడుస్తుంది, క్లయింట్ బ్రౌజర్లో అన్నీ నొక్కి చూసుకుంటాడు, సోర్స్ నా ప్రైవేట్ రిపోలోనే ఉంటుంది. చివరి పేమెంట్ పడ్డాక రిపో యాజమాన్యం మార్చి ఇచ్చేస్తాను. క్లయింట్‌కి నచ్చేదీ ఇదే, ఎందుకంటే డబ్బు ఇచ్చేలోపు అతను చూసుకోవలసినదంతా చూసుకున్నాడు. ఒక జాగ్రత్త. మధ్యలో రిపో యాక్సెస్ ఇచ్చి తర్వాత తీసేస్తే ఏదో కాపాడుకున్నట్టు అనుకోవద్దు. క్లోన్ చేసుకున్న కాపీ అవతలి కంప్యూటర్లోనే ఉంటుంది.

నాలుగోది ఎస్క్రో. సోర్స్‌ని మూడో సంస్థ దగ్గర ఉంచుతారు. మీరు వ్యాపారం మూసేసినా, సపోర్ట్ మానేసినా, ముందే రాసుకున్న షరతు ప్రకారం క్లయింట్‌కి అందుతుంది. నిజానికి ఇది క్లయింట్ భయానికి మందు. 'రేపు మీకేమైనా అయితే మా పరిస్థితేంటి' అని సోర్స్ కోసం పట్టుబట్టే క్లయింట్‌ని, సోర్స్ ఇవ్వకుండానే సమాధానపరచడానికి పనికొస్తుంది. ఏటా ఫీజు ఉంటుంది కాబట్టి చిన్న వెబ్‌సైట్లకు దండగ.

సాంకేతిక తాళాలు: ఏది ఎంతసేపు ఆగుతుంది

ఇది మూడో దొంగ కోసం. అంటే మీరు సోర్స్ ఇవ్వకుండా తయారైన యాప్ మాత్రమే అమ్ముతున్నప్పుడు.

తాళంలా కనిపించే తాళాలు కొన్ని ఉన్నాయి, ముందు అవి పక్కన పెట్టేద్దాం. పైథాన్ ప్రోగ్రామ్‌ని పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా చుట్టడం రక్షణ కాదు, మూట కట్టడం. ఆ మూట విప్పే స్క్రిప్టులు ఎవరికైనా దొరుకుతాయి. యాప్‌నీ దానికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో పెట్టే డాకర్ ఇమేజ్‌గా ఇవ్వడమూ అంతే, లేయర్లు విప్పితే లోపల ఫైళ్లు యథాతథంగా ఉంటాయి. జావాస్క్రిప్ట్‌ని మినిఫై చేయడం, అంటే ఖాళీలు తీసి పేర్లు కుదించడం, పేజీ త్వరగా తెరుచుకోవడానికి పుట్టిన పద్ధతి. పైగా చాలామంది దానితోపాటు సోర్స్ మ్యాప్ ఫైలు కూడా సర్వర్‌కి ఎక్కించేస్తారు, అందులో కామెంట్లతో సహా అసలు కోడ్ ఉండొచ్చు. మీ సైటు ఒకటి తెరిచి, డెవలపర్ టూల్స్‌లో సోర్సెస్ ట్యాబ్ చూడండి. మీ ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనబడితే, ఇది పక్కన పెట్టి ముందు అది సరిచేయండి.

ఇక నిజమైన తాళాలు. నా ఆండ్రాయిడ్ యాప్ ఒకటి ఎంత గట్టిగా ఉందో చూద్దామని ఒకసారి స్నేహితుడికి ఇచ్చాను. మొదట ఆబ్‌ఫస్కేషన్, అంటే కోడ్‌ని గజిబిజి చేయడం, లేకుండా ఇచ్చాను. జాడెక్స్ అనే ఉచిత టూల్‌లో పడేశాడు, కాఫీ చల్లారేలోపు నా క్లాసులన్నీ తెర మీద ఉన్నాయి. లైసెన్స్ చూసే ఫంక్షన్‌కి నేను పెట్టిన పేరు కూడా చెక్కుచెదరలేదు. తర్వాత ఆర్8 (ఆండ్రాయిడ్ బిల్డ్‌లోనే ఉండే గజిబిజి టూల్) ఆన్ చేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి పేర్లన్నీ ఎ, బి, సి అయిపోయాయి. మావాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత యాప్ తెరిచి తప్పు కీ కొట్టాడు. 'మీ లైసెన్స్ గడువు ముగిసింది' అని వచ్చింది. ఆ వాక్యాన్ని కాపీ చేసి కోడ్‌లో వెతికాడు. పేర్లు మారాయి కానీ మెసేజ్‌లు మారలేదు కదా! ఆ మెసేజ్ చూపించేది ఎవరు, వాళ్లని పిలిచేది ఎవరు అని మూడు మెట్లు ఎక్కితే నా తాళం దొరికింది. అబద్ధం అన్న జవాబుని నిజం అని మార్చి, యాప్ మళ్లీ కట్టి, నా ముందు పెట్టాడు. మొత్తం నలభై నిమిషాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

అలాగని ఆబ్‌ఫస్కేషన్ వద్దనడం లేదు. ఆండ్రాయిడ్‌లో ఆర్8 ఉచితం, యాప్ సైజు కూడా తగ్గుతుంది, రిలీజ్ బిల్డ్‌లో ఒక లైన్ మారిస్తే చాలు. పెట్టకపోవడానికి కారణం లేదు. క్రాష్ రిపోర్టులు చదవడానికి, ఏ పేరు దేనిగా మారిందో చెప్పే మ్యాపింగ్ ఫైలు దాచుకోవడం మాత్రం మరిచిపోవద్దు. డాట్‌నెట్ యాప్‌ల పరిస్థితీ ఇంతే, ఐఎల్‌స్పై వంటి ఉచిత టూల్ చదవగలిగే కోడ్ తీసిస్తుంది. పీహెచ్‌పీ అమ్మేవాళ్లు కోడ్‌ని చదవలేని రూపంలోకి మార్చే అయాన్‌క్యూబ్ వాడతారు, అది కాస్త గట్టిదే. కానీ కస్టమర్ సర్వర్ మీద దాన్ని నడిపించే లోడర్ ఉండాలి, లేకపోతే ఆ సపోర్ట్ కాల్స్ అన్నీ మీకే. పైథాన్‌కి పైఆర్మర్, లేదా న్యూయిట్కా, సైథాన్‌తో మెషీన్ కోడ్‌గా మార్చడం మేలు. సీ, సీప్లస్‌ప్లస్, రస్ట్ బైనరీలు సహజంగానే చదవడానికి కష్టం. అయినా వాటికి కూడా గిద్రా ఉంది, అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2019లో ఉచితంగా విడుదల చేసిన డీకంపైలర్, అంటే మెషీన్ కోడ్‌ని మళ్లీ చదవగలిగేలా చేసే టూల్. ఒకప్పుడు ఖరీదైన టూల్ ఉన్నవాళ్లకే సాధ్యమైన పని ఇప్పుడు ఎవరైనా చేయగలరు.

లైసెన్స్ కీ పద్ధతి వాడితే ఒక తప్పు చేయవద్దు. కీ తయారుచేసే రహస్యాన్ని యాప్ లోపలే దాచడం. అది బయటపడిన రోజు, దొంగలే కీలు తయారుచేసి పంచుతారు. ఈడీ25519 లాంటి డిజిటల్ సంతకం వాడండి. సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, యాప్‌లో సరిచూసే పబ్లిక్ కీ మాత్రం ఉంటుంది. అప్పుడు దొంగ కీలు పుట్టించలేడు, యాప్‌నే మార్చాలి. మావాడు చేసినట్టు మార్చగలడు కూడా. కానీ మార్చిన కాపీకి మీ అప్‌డేట్లు అందవు, ప్రతి వెర్షన్‌కీ మళ్లీ నలభై నిమిషాలు కూర్చోవాలి. లైసెన్స్ కీ ఆపేది క్రాకర్‌ని కాదు. ఒకటి కొని ఆఫీసులో పది కంప్యూటర్లలో వేసుకునే మామూలు కస్టమర్‌ని. డబ్బు వచ్చేది కూడా ఆ కస్టమర్ దగ్గరే.

అన్నిటికంటే గట్టిది, అసలు కోడ్ ఇవ్వకపోవడం. మీ ప్రోడక్టులో నిజంగా విలువైనది ఏదైనా ఉంటే, ధర లెక్కించే పద్ధతో, రూట్ వెతికే అల్గారిదమో, దాన్ని మీ సర్వర్ మీద పెట్టి యాప్ అడిగినప్పుడు జవాబు మాత్రం పంపండి. ఎంతటి మొనగాడైనా తన దగ్గర లేని కోడ్‌ని విప్పలేడు. దీని ఖరీదు కూడా తక్కువేం కాదు. సర్వర్ బిల్లు ప్రతి నెలా మీదే, అర్ధరాత్రి అది పడిపోతే లేచేది మీరే, ఇంటర్నెట్ లేని చోట యాప్ పనిచేయదు. ఒకరి కోసం రాసే కస్టమ్ పనికి ఇది కుదరదు. అక్కడ క్లయింట్ మొత్తం తన దగ్గరే ఉండాలంటాడు, అనడం న్యాయం కూడా. సొంత ప్రోడక్టు అమ్మేవాళ్లకు మాత్రం నా మొదటి ఓటు దీనికే.

డబ్బు రాకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోయేలా లోపల చెప్పకుండా ఒక మీట పెట్టడం గురించి చాలామంది అడుగుతుంటారు. వద్దు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అది. చెప్పకుండా అవతలివాళ్ల సిస్టమ్ ఆపితే, చాలా దేశాల్లో కంప్యూటర్ నేరాల చట్టం కింద మీ మీదే కేసు పడొచ్చు. బాకీ ఉన్నది వాళ్లు, బోనులో నిలబడేది మీరు. ఫలానా తేదీ వరకే పనిచేసే ట్రయల్ అని అగ్రిమెంట్‌లో రాసి, తెర మీద కూడా కనిపించేలా పెడితే అది వేరే సంగతి.

పబ్లిక్‌గా పెట్టాల్సి వస్తే

పని చూపించుకోవడానికి మనకు పబ్లిక్ రిపో అవసరం. గిట్‌హబ్‌లో లైసెన్స్ ఫైలు లేకుండా పెడితే హక్కులన్నీ మీవే. అక్కడి నిబంధనల ప్రకారం ఇతరులు చూడొచ్చు, ఆ సైటు లోపల ఫోర్క్ (తమ ఖాతాలోకి కాపీ) చేసుకోవచ్చు, అంతకు మించి అనుమతి లేదు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు, లైసెన్స్ లేదు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చని. ఎంఐటీ లైసెన్స్ పెడితే మాత్రం మీ పేరూ ఆ నోటీసూ ఉంచి ఎవరైనా అమ్ముకోవచ్చు. తర్వాత బాధపడకూడదు.

కోడ్ కనిపించాలి, కానీ వ్యాపారం వాళ్లు ఊరికే వాడుకోకూడదు అనుకుంటే ఏజీపీఎల్ చూడండి. 2007లో వచ్చిన ఈ లైసెన్స్ ప్రకారం, మీ కోడ్‌ని మార్చి సర్వర్ మీద నడిపి జనానికి సేవగా ఇచ్చినా ఆ మార్చిన సోర్స్ వాళ్లకు ఇవ్వాలి. అది ఇష్టంలేని కంపెనీ మీ దగ్గరికి వచ్చి విడిగా కమర్షియల్ లైసెన్స్ కొనుక్కుంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, యాప్‌ల తెరలు కట్టే క్యూటీ ఇలాంటి రెండు లైసెన్సుల పద్ధతిలోనే పెరిగాయి. మరియాడీబీ అనే డేటాబేస్ కంపెనీ తెచ్చిన బిజినెస్ సోర్స్ లైసెన్స్ ఇంకో దారి. కోడ్ అందరికీ కనిపిస్తుంది, మీరు కాదన్న వాడకానికి అనుమతి ఉండదు, గరిష్ఠంగా నాలుగేళ్లకు అది ఓపెన్ సోర్స్ అయిపోతుంది. 2023లో హాషీకార్ప్ కంపెనీ సర్వర్లు ఏర్పాటుచేసే తన టెర్రాఫామ్ టూల్‌ని దీనికి మార్చినప్పుడు, పాత వెర్షన్ తీసుకుని జనం ఓపెన్‌టోఫూ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. ఒకసారి ఉదారంగా ఇచ్చిన వెర్షన్‌ని వెనక్కి లాక్కోలేం, కొత్త వెర్షన్లకే కొత్త షరతులు. అందుకే లైసెన్స్ ఫైలు మొదటి కమిట్‌లోనే ఆలోచించి పెట్టండి. ఈ లైసెన్సులు కాగితం పులులు కావా అంటే, ఓపెన్ సోర్స్ షరతులు మీరితే అది కాపీరైట్ ఉల్లంఘన కాగలదని 2008లో జేకబ్సన్ వర్సెస్ కాట్జర్ కేసులో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది.

దొరికితే చూపించడానికి

'నా గిట్ హిస్టరీ ఉంది కదా' అంటారు. గిట్‌లో కమిట్ తేదీని ఎవరైనా తమకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. ఎదుటి లాయర్‌కి ఈ సంగతి తెలిస్తే మీ హిస్టరీ సగం విలువ పోతుంది. బయటి సర్వర్‌కి ఎప్పటికప్పుడు పుష్ చేయండి, అక్కడ నమోదయ్యే సమయం మీ చేతిలో ఉండదు. ముఖ్యమైన వెర్షన్‌ల హ్యాష్‌కి (కోడ్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యకి) ఆర్‌ఎఫ్‌సీ 3161 అనే ప్రామాణిక పద్ధతిలో టైమ్‌స్టాంప్ వేయించుకోవచ్చు, లేదా ఓపెన్‌టైమ్‌స్టాంప్స్‌తో బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించవచ్చు. కోడ్ బయటపడదు, వేలిముద్ర మాత్రమే వెళ్తుంది.

ఇంకోటి, గుర్తులు వదలడం. మ్యాపులు గీసేవాళ్లు కాపీకొట్టేవాళ్లని పట్టుకోవడానికి లేని వీధి ఒకటి గీసేవాళ్లట. కోడ్‌లోనూ అంతే: ఎవరూ పిలవని చిన్న ఫంక్షన్, అర్థంలేని స్థిరసంఖ్య, ప్రతి క్లయింట్ కాపీలో వేరుగా ఉండే ఒక స్ట్రింగ్. చివరిది ఉంటే ఎవరి కాపీ బయటికి పొక్కిందో కూడా తెలుస్తుంది. పేర్లు మార్చేస్తారేమోనంటే, మాస్, జేప్లాగ్ వంటి టూల్స్ ఉన్నాయి. మాస్ 1994లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది, విద్యార్థుల కాపీలు పట్టుకోవడానికి. ఇవి పేర్లు చూడవు, కోడ్ నిర్మాణం చూస్తాయి.

కాపీ దొరికాక ముందు నిశ్శబ్దంగా సాక్ష్యం దాచుకోండి, ఆ తర్వాతే మెయిల్. ముందే గొడవపడితే తెల్లారేసరికి అన్నీ మాయం. కోడ్ అమెరికా సంస్థ హోస్టింగ్‌లో ఉంటే, 1998 నాటి డీఎంసీఏ చట్టం కింద తొలగింపు నోటీసు పంపడానికి మీరు ఏ దేశంలో ఉన్నా ఫర్వాలేదు, లాయరూ తప్పనిసరి కాదు. అవతలివాడు తనదేనని ఎదురు నోటీసు ఇస్తే, 10 నుంచి 14 పనిదినాల్లో మీరు కోర్టుకి వెళ్లకపోతే కోడ్ తిరిగి పైకొస్తుంది. గిట్‌హబ్ అయితే ఈ నోటీసుల్ని అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది కాబట్టి రాసేటప్పుడు కోపం తగ్గించుకుని రాయండి.

నన్నడిగితే

ఒకరి కోసం కస్టమ్ పని చేసేవాళ్లయితే, పైన ఇచ్చిన పేరా, మీ సర్వర్ మీద డెమో, పేమెంట్ పడ్డాక రిపో. ఈ మూడూ చాలు. ఆబ్‌ఫస్కేటర్ మీద ఒక్క పైసా పెట్టొద్దు. క్లయింట్ హక్కులన్నీ కావాలని పట్టుబడితే ఇవ్వండి, కానీ దానికి వేరే రేటు చెప్పండి. చాలాసార్లు రేటు వినగానే 'వాడుకునే హక్కు చాల్లెండి' అంటారు.

సొంత యాప్ అమ్మేవాళ్లయితే, విలువైన భాగం సర్వర్ మీదికి, మిగతాదానికి సంతకం చేసిన లైసెన్స్ కీ, ఉచితంగా దొరికే ఆబ్‌ఫస్కేషన్, ఆదాయం మొదలయ్యాక రిజిస్ట్రేషన్. ఆఫ్‌లైన్‌లో నడవాల్సిన యాప్ అయితే కొంత దొంగతనం ఉంటుందని ముందే లెక్కలో వేసుకుని, అప్‌డేట్లు తరచుగా ఇవ్వండి. థీములు, ప్లగిన్లు అమ్మేవాళ్లకు ఎలాగూ సోర్స్ బయటే ఉంటుంది. వాళ్లు అమ్మాల్సింది సపోర్టూ అప్‌డేట్లూ.

ఆ స్క్రీన్‌షాట్ పంపినాయన సంగతి చెప్పలేదు కదూ. ఆయన తప్పేమీ లేదు, డబ్బిచ్చి కొన్నాడు పాపం. ఉన్న విషయం చెప్పి, నా పాత రిపోలో అదే కాలమ్ పేరు, అదే తప్పుతో, చూపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, నేరుగా నా దగ్గరే లైసెన్స్ తీసుకుని ఏడాది సపోర్ట్‌కి ఒప్పుకున్నాడు. పాత క్లయింట్‌కి రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు రాలేదు, కాగితం లేదు కాబట్టి అంతకంటే ముందుకు వెళ్లలేదు. రిపోర్టులో తప్పు మాత్రం పది నిమిషాల్లో దొరికింది. అది కూడా నాదే. కాలమ్ పేరులో ఆ 'టి'ని ఇప్పటికీ దిద్దలేదు.